ఫు సినియన్

ఫు సినియన్ (మార్చి 26, 1896 - డిసెంబరు 20, 1950) చైనాకు చెందిన ప్రముఖ చరిత్రకారుడు, పత్రికా సంపాదకుడు, విద్యావేత్త. పెకింగ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లో తోటి విద్యార్థులతో కలసి షిన్‌చావో అనే చైనా భాషా మాసపత్రికను స్థాపించి, దానికి తొలి ప్రధాన సంపాదకుడుగా పనిచేశాడు. షిన్‌చావో అంటే కొత్త కెరటం అని అర్థం. 1919 మే 4న బీజింగ్‌లో జరిగిన విద్యార్థుల ఊరేగింపునకు నాయకత్వం వహించాడు. 1928లో చైనా జాతీయ పరిశోధనా సంస్థ అయిన అకాడెమియా సినికాలో చరిత్ర, భాషాశాస్త్ర పరిశోధనాలయాన్ని నెలకొల్పి, మరణించేవరకు దానికి సంచాలకుడుగా ఉన్నాడు. చివరి రెండేళ్ళు జాతీయ తైవాన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

షిన్‌చావో మూడేళ్ళకు పైగా సాగినా, మొత్తం వెలువడినవి 12 సంచికలే. అయినా ఆధునిక చైనా సాహిత్య చరిత్రలోను, విద్యార్థి ఉద్యమాల చరిత్రలోను ఈ పత్రికకు ప్రత్యేక స్థానం ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

ఫు సినియన్ షాన్‌డాంగ్ రాష్ట్రంలోని ల్యావ్‌చెంగ్ పట్టణంలో జన్మించాడు. వీరిది పేరున్న పండిత కుటుంబం. చింగ్ వంశపు పాలన మొదలైన తరువాత జరిగిన తొలి రాజాస్థాన పరీక్షలో ప్రథముడుగా నెగ్గిన ఫు యీజ్యెన్ వీరి పూర్వీకుడు. అయితే సినియన్ పుట్టేనాటికి ఆ వైభవం తగ్గిపోయింది. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో తాత, తల్లి అతనిని పెంచారు. తాత దగ్గరే ప్రాచీన గ్రంథాలు చదువుకున్నాడు. 1905లో చింగ్ ప్రభుత్వం రాజాస్థాన పరీక్షలను రద్దు చేసింది. దానితో ఆ తరం పిల్లలు ఉద్యోగాలకోసం కొత్త తరహా పాఠశాలలలో చేరవలసి వచ్చింది. సినియన్ కూడా 1909లో తియాన్‌జిన్ నగరానికి వెళ్ళి అక్కడి ఉన్నత పాఠశాలలో చదివాడు. 1913లో పెకింగ్ విశ్వవిద్యాలయపు ప్రవేశ తరగతిలో, 1916లో చైనా సాహిత్య శాఖలో చేరాడు.

1917 జనవరిలో త్సాయ్ యువాన్‌పే ఈ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. అధ్యాపకుడు పాండిత్యం కలవాడైతే చాలు, అతని అభిప్రాయాలు ఏవైనా విశ్వవిద్యాలయంలో చోటు ఉండాలన్నది త్సాయ్ విధానం. అందువల్ల ప్రాచీన సంప్రదాయాన్ని సమర్థించే హువాంగ్ కాన్, ల్యూ షిపే వంటి పండితులు, కొత్త యువత అనే పత్రికను నడుపుతున్న చెన్ దూష్యూ, అమెరికాలో చదివి వచ్చిన హూ షి ఒకే చోట పాఠాలు చెప్పేవారు.

ఫు మొదట హువాంగ్ కాన్‌కు ప్రియశిష్యుడు. ప్రాచీన గ్రంథాలలో అతనికున్న పట్టు చూసి పాతతరం పండితులు అతనిని తమ వారసుడుగా భావించారు. 1917లో హూ షి చైనా తత్వశాస్త్ర చరిత్ర బోధించడం మొదలుపెట్టాడు. పురాణకాలపు రాజులను పక్కనపెట్టి, ఆధారాలు దొరికే కాలంనుండి పాఠం ప్రారంభించడంతో కొందరు విద్యార్థులు ఆగ్రహించారు. ఫుతో ఒకే గదిలో ఉంటున్న గూ జ్యేగాంగ్ ఆ పాఠం వినమని అతనిని తీసుకువెళ్ళాడు. హూ షి చదివినవి తక్కువైనా, అతను ఎంచుకున్న మార్గం సరియైనదని ఫు అభిప్రాయపడ్డాడు. విద్యార్థులలో ఫు మాటకు విలువ ఉండడంవల్ల ఆ అలజడి అంతటితో సద్దుమణిగింది. క్రమంగా ఫు కొత్త భావాల పక్షానికి చేరాడు. 1918 జనవరిలో కొత్త యువత పత్రికలో సాహిత్య సంస్కరణను సమర్థిస్తూ వ్యాసం వ్రాశాడు.

భాషా వివాదం

షిన్‌చావో ప్రాముఖ్యం తెలియడానికి ఆనాటి చైనా భాష పరిస్థితిని గమనించాలి. అప్పటివరకు పుస్తకాలు, ప్రభుత్వ పత్రాలు, ఉత్తరాలు ఎక్కువగా వెన్‌యెన్ అనబడే ప్రాచీన గ్రాంథిక భాషలో వ్రాయబడేవి. ప్రజలు మాట్లాడే భాషకు దానికి చాలా దూరం ఉండేది. ఏళ్ళ తరబడి చదివితేగాని ఆ భాష పట్టుబడదు. వాడుక భాషకు దగ్గరగా ఉండే శైలిని బాయ్‌హువా అంటారు. కథలు, నవలలు ఈ శైలిలో ఉన్నా, పండితులు దానిని గౌరవించేవారు కాదు. శాస్త్ర విషయాలతో సహా అన్ని రచనలూ బాయ్‌హువాలోనే ఉండాలని 1917నుండి హూ షి, చెన్ దూష్యూ వాదించసాగారు. ఈ వాదన నిలబడాలంటే ఆ భాషలో వ్రాసేవారు, చదివేవారు పెరగాలి. ఆ పనిని విద్యార్థులుగా తలకెత్తుకున్నవారు షిన్‌చావో సభ్యులు.

షిన్‌చావో స్థాపన

సొంతంగా పత్రిక పెట్టాలన్న ఆలోచన 1917 శరదృతువులో ఫు, గూ జ్యేగాంగ్‌ల మధ్య పుట్టింది. మరుసటి సంవత్సరం షూ యెన్‌జీ, లువో జ్యాలున్ తదితరులు దానికి తోడయ్యారు. విద్యార్థులవద్ద డబ్బు లేకపోవడం మొదటి ఆటంకం. వారు సాహిత్య విభాగానికి అధిపతియైన చెన్ దూష్యూను కలిశారు. హువాంగ్ కాన్ శిష్యుడైన ఫును చెన్ మొదట కొంత అనుమానించాడు. చివరకు, పత్రికను ఆపకుండా నడిపే పట్టుదల వారికి ఉంటే ఖర్చు విశ్వవిద్యాలయం భరిస్తుందని మాట ఇచ్చాడు. గ్రంథాలయాధికారి లీ దాజావ్ ఎర్ర భవనంగా పేరొందిన కొత్త కట్టడంలోని గ్రంథాలయంలో ఒక గదిని వీరికి కేటాయించాడు. హూ షి సలహాదారుగా ఉండడానికి ఒప్పుకున్నాడు.

1918 అక్టోబరు 13న జరిగిన మొదటి సమావేశంలో పత్రికకు మూడు లక్ష్యాలు నిర్ణయించారు. అవి:

* విమర్శనాత్మక దృష్టి
* శాస్త్రీయమైన ఆలోచన
* సంస్కరించిన భాష

పత్రికకు షిన్‌చావో అన్న పేరును లువో జ్యాలున్ సూచించాడు. పునరుజ్జీవనం అనే అర్థం వచ్చే రినైసెన్స్ అన్న ఆంగ్ల నామాన్ని షూ యెన్‌జీ సూచించాడు. రెండు పేర్లూ ముఖపత్రంపై అచ్చయ్యాయి. నవంబరు 19న రెండవ సమావేశంలో బాధ్యతలు పంచుకున్నారు. సంపాదక వర్గంలో ఫు ప్రధాన సంపాదకుడు కాగా లువో జ్యాలున్, యాంగ్ జెన్‌షెంగ్ అతనికి సహాయకులు. షూ యెన్‌జీ, కాంగ్ బాయ్‌చింగ్, యూ పింగ్‌బో నిర్వహణ వర్గంలో ఉన్నారు. ప్రారంభ సభ్యులు 21 మంది.

పత్రిక నిర్వహణ

రచనల ఎంపిక, సంపాదకత్వం పూర్తిగా విద్యార్థుల చేతిలో ఉండేవి. అచ్చు, పంపిణీ పనులను విశ్వవిద్యాలయ ప్రచురణ విభాగం చూసేది. డబ్బు ఇచ్చిన విశ్వవిద్యాలయం రచనల విషయంలో జోక్యం చేసుకోకపోవడం ఈ ఏర్పాటులో ముఖ్యమైన అంశం. సభ్యత్వానికి కూడా ఒక నియమం పెట్టుకున్నారు. కొత్తగా చేరదలచినవారి రచనలు మూడుసార్లు పత్రికలో ప్రచురింపబడి ఉండాలి. దీనివల్ల పేరుకు మాత్రమే సభ్యులుగా ఉండేవారికి చోటు లేకపోయింది.

తొలి సంచిక 1919 జనవరి 1న వెలువడింది. పత్రిక ఉద్దేశాలను వివరించే ప్రారంభ వ్యాసాన్ని ఫు వ్రాశాడు. మానవ జీవిత సమస్యపైన, వ్యక్తిని అణచివేసే కుటుంబ వ్యవస్థపైన అతని వ్యాసాలు అదే సంచికలో వచ్చాయి. రెండవ సంచికలో బాయ్‌హువాలో వచనం ఎలా వ్రాయాలో వివరించాడు. మనుషులు మాట్లాడే తీరును శ్రద్ధగా గమనించాలని, క్లిష్టమైన భావాలను చెప్పడానికి పాశ్చాత్య భాషల వాక్య నిర్మాణంనుండి కూడా నేర్చుకోవాలని అతని వాదన. మూడవ సంచికలో చైనా లిపికి బదులు అక్షరమాలను వాడే విషయాన్ని చర్చించాడు.

వ్యాసాలతోపాటు కథలు, కొత్త తరహా కవితలు, పుస్తక సమీక్షలు, అనువాదాలు ప్రచురించేవారు. తరువాతి కాలంలో ప్రసిద్ధులైన పలువురి తొలి రచనలు ఇందులో వచ్చాయి. సూజౌ ప్రాంతంలో బడిపంతులుగా ఉన్న యే షెంగ్‌తావో, పశువులా అమ్ముడుపోయిన ఒక పల్లెటూరి స్త్రీ కథను 1919 మార్చి సంచికలో వ్రాశాడు. యూ పింగ్‌బో, కాంగ్ బాయ్‌చింగ్ కవితలు, యాంగ్ జెన్‌షెంగ్ కథలు పాఠకులను ఆకట్టుకున్నాయి.

అప్పటికే రచయితగా గుర్తింపు పొందిన లూ షున్ ఈ పత్రికను ఆసక్తిగా చదివేవాడు. పత్రికలోని లోపాలను తెలియజేస్తూ ఫుకు ఉత్తరం వ్రాశాడు. కేవలం శాస్త్ర విషయాలను తెలిపే వ్యాసాలు ఎక్కువ కారాదని, ఏ వ్యాసమైనా చైనా సమాజపు పాత జబ్బులను పొడిచేటట్లు ఉండాలని, కవితలలో ప్రకృతి వర్ణన ఎక్కువై ఒకే తీరుగా ఉన్నాయని అతని సూచనలు. ఫు ఆ ఉత్తరాన్ని 1919 మే సంచికలో ప్రచురించాడు. అదే సంవత్సరం అక్టోబరు సంచికకు లూ షున్ రేపు అనే కథను ఇచ్చాడు.

లువో జ్యాలున్ తరువాత తెలిపిన దాని ప్రకారం తొలి సంచికను మూడుసార్లు ముద్రించవలసి వచ్చింది, మొత్తం 13,000 ప్రతులు అమ్ముడయ్యాయి. తరువాతి సంచికలు సుమారు 15,000 ప్రతుల వరకు వెళ్ళేవి. విద్యార్థులు నడిపే పత్రికకు ఆ రోజుల్లో ఇది చాలా పెద్ద సంఖ్య.

వ్యతిరేకత

షిన్‌చావో వెలువడిన నెలలోనే అదే విశ్వవిద్యాలయ విద్యార్థుల మరో పత్రిక గ్వోమిన్ (పౌరుడు) మొదలైంది. అది దేశభక్తిని ప్రధానంగా చేసుకొని, గ్రాంథిక భాషలో వెలువడింది. ప్రాచీన సంప్రదాయాన్ని అభిమానించే విద్యార్థులు ల్యూ షిపే తదితరుల అండతో 1919 మార్చిలో గ్వోగూ (జాతీయ వారసత్వం) అనే పత్రికను ప్రారంభించారు. విశ్వవిద్యాలయం వారికి కూడా సహాయపడింది. ప్రాచీన గ్రంథాలను శాస్త్రీయ దృష్టితో పరిశీలించాలని షిన్‌చావోలో మావో జిష్వే వ్రాసిన వ్యాసం ఈ రెండు వర్గాల మధ్య చర్చకు దారితీసింది. ఫు ఆ వ్యాసానికి అనుబంధం వ్రాశాడు.

ఈ చర్చ విశ్వవిద్యాలయం బయటకు కూడా పాకింది. అనువాదకుడుగా పేరొందిన లిన్ షూ, త్సాయ్ యువాన్‌పేకు బహిరంగ లేఖ వ్రాసి విశ్వవిద్యాలయం నీతిని, ప్రాచీన భాషను నాశనం చేస్తున్నదని ఆరోపించాడు. షిన్‌చావో ప్రతి దేశాధ్యక్షుడు షూ షిచాంగ్ చేతికి వెళ్ళింది. మార్చి చివరిలో విద్యామంత్రి ఫు జెంగ్‌ష్యాంగ్ ఈ పత్రిక విషయమై ఆందోళన తెలియజేస్తూ త్సాయ్‌కు లేఖ వ్రాశాడు. చెన్ దూష్యూ, హూ షిలను ఉద్యోగంనుండి, ఫు, లువోలను విశ్వవిద్యాలయంనుండి తొలగించాలని ప్రభుత్వ వర్గాలనుండి ఒత్తిడి వచ్చినట్లు లువో తరువాత వ్రాశాడు. త్సాయ్ అందుకు అంగీకరించలేదు. ఒకే విశ్వవిద్యాలయంలో షిన్‌చావో, గ్వోగూ రెండూ ఉన్నాయని, ఒక పక్షాన్ని మాత్రమే ఉంచడం తన పద్ధతి కాదని సమాధానమిచ్చాడు. పత్రిక ఆగలేదు, విద్యార్థుల చదువూ ఆగలేదు. కాని ఆ వసంతకాలంలోనే చెన్ దూష్యూ తన విభాగాధిపతి పదవిని కోల్పోయాడు.

మే నాలుగు ఉద్యమం

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత పారిస్ శాంతి సమావేశంలో, షాన్‌డాంగ్ రాష్ట్రంలో జర్మనీకి ఉన్న హక్కులను జపాన్‌కు అప్పగించడానికి నిర్ణయం జరిగింది. ఇది ఫు స్వరాష్ట్రం కూడా. 1919 మే 4న దాదాపు 3,000 మంది విద్యార్థులు తియానన్‌మెన్ వద్ద సమావేశమై ఊరేగింపు జరిపారు. దానికి ఫు ముఖ్య నిర్వాహకుడు. ఆ రోజు పంచిన ప్రకటనను లువో జ్యాలున్ బాయ్‌హువాలో వ్రాశాడు. జపాన్‌తో ఒప్పందాలకు బాధ్యుడని భావించిన మంత్రి త్సావో రూలిన్ ఇంటికి విద్యార్థులు నిప్పుపెట్టడంతో అరెస్టులు జరిగాయి. మరునాడు ఒక తోటి విద్యార్థితో ఘర్షణ జరగడంతో ఫు విద్యార్థి సంఘంనుండి వైదొలగాడు. జూన్ 28న చైనా ప్రతినిధులు సంధిపై సంతకం చేయడానికి నిరాకరించారు.

పత్రిక చివరి దశ

అలజడి కారణంగా మే తరువాత షిన్‌చావో కొన్ని నెలలు వెలువడలేదు. రెండవ సంపుటం అక్టోబరులో ప్రారంభమైంది. ఆ వేసవిలోనే పట్టభద్రుడైన ఫు, షాన్‌డాంగ్ రాష్ట్ర ఉపకార వేతనం పొంది, ఏడాది చివరలో బీజింగ్ విడిచి యూరప్‌కు బయలుదేరాడు. అతని స్థానంలో లువో జ్యాలున్ సంపాదకుడయ్యాడు. 1920లో లువోతో సహా పలువురు ముఖ్య సభ్యులు అమెరికా వెళ్ళారు. తరువాత రచయిత జౌ జువోరెన్ సంపాదక బాధ్యత స్వీకరించాడు.

వ్రాసేవారంతా ఒకే కాలంలో చదువు ముగించుకొని వెళ్ళిపోవడంతో పత్రిక క్రమం తప్పింది. 1919లో ఐదు నెలల్లో ఐదు సంచికలు రాగా, రెండవ సంపుటంలోని ఐదు సంచికలకు దాదాపు ఏడాది పట్టింది. మూడవ సంపుటంలో రెండే సంచికలు వచ్చాయి. 1922 మార్చి సంచిక చివరిది.

పత్రిక ఆగినా సంఘం పుస్తకాల ప్రచురణ కొనసాగించింది. లూ షున్ తొలి కథా సంపుటి 1923 ఆగస్టులో షిన్‌చావో సంఘం ప్రచురణగానే వెలువడింది. సంఘ సభ్యుడైన లీ ష్యావ్‌ఫెంగ్ 1925లో బెయ్‌షిన్ పుస్తక సంస్థను స్థాపించాడు. పెకింగ్ విశ్వవిద్యాలయానికి వాడే బెయ్, షిన్‌చావోలోని షిన్ అనే రెండు మాటలతో ఆ పేరు ఏర్పడింది.

విదేశాలలో అధ్యయనం

ఫు లండన్ యూనివర్శిటీ కాలేజీలో మనోవిజ్ఞానం చదువుతూ, దానితోపాటు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు అభ్యసించాడు. 1923లో బెర్లిన్ విశ్వవిద్యాలయానికి మారి భాషాశాస్త్రం, చరిత్ర పరిశోధన పద్ధతులపై దృష్టి పెట్టాడు. దాదాపు ఏడేళ్ళు యూరప్‌లో ఉన్నా పట్టా ఏదీ తీసుకోలేదు. 1926 చివర స్వదేశానికి తిరిగివచ్చి, మరుసటి సంవత్సరం గ్వాంగ్‌జౌలోని సన్ యట్ సేన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

పరిశోధనా రంగం

1928లో స్థాపించిన చరిత్ర, భాషాశాస్త్ర పరిశోధనాలయం ఫు జీవితంలో ప్రధానమైన కృషి. దాని పరిశోధన పత్రిక తొలి సంచికలో సంస్థ ఉద్దేశాలను తెలిపే వ్యాసాన్ని తానే వ్రాశాడు. చరిత్రకారుడు పాత పుస్తకాలను వ్యాఖ్యానించడంతో సరిపెట్టుకోక కొత్త ఆధారాలను వెదకాలని, ఒంటరిగా కాక బృందంగా పనిచేయాలని అందులో ప్రతిపాదించాడు.

ఈ సంస్థ 1928నుండి 1937వరకు అన్‌యాంగ్ వద్ద 15 విడతలుగా తవ్వకాలు జరిపింది. వీటివల్ల షాంగ్ వంశపు రాజధాని అవశేషాలు బయటపడి, ఆ వంశం ఉనికి పురావస్తు ఆధారాలతో నిరూపితమైంది. చెత్త కాగితంగా అమ్ముడైపోయి చేతులు మారిన మింగ్, చింగ్ వంశాల ప్రభుత్వ పత్రాలను ఫు 1929లో సంస్థ తరఫున కొనిపించాడు. జపాన్‌తో యుద్ధకాలంలో సంస్థను, దాని గ్రంథాలయాన్ని కున్‌మింగ్‌కు, 1940లో సిచువాన్‌లోని లీజువాంగ్ అనే చిన్న పట్టణానికి తరలించి కాపాడాడు.

పత్రికా రచన కూడా మానలేదు. 1932లో హూ షి తదితరులు ప్రారంభించిన స్వతంత్ర సమీక్ష అనే వారపత్రికలో తరచు వ్రాసేవాడు. ప్రభుత్వ సహాయం లేకుండా ఉండడానికి దాని సభ్యులు తమ నెల ఆదాయంలో ఐదు శాతం చొప్పున చందా వేసుకొని ఆ పత్రికను నడిపారు. 1947 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి టి.వి. సూంగ్ ఆర్థిక విధానాలను ఎండగడుతూ ఫు వ్రాసిన వ్యాసం సంచలనం కలిగించింది. మార్చి 1న సూంగ్ రాజీనామా చేశాడు.

విశ్వవిద్యాలయ అధ్యక్షుడుగా

1945లో యుద్ధం ముగిసిన తరువాత, హూ షి అమెరికానుండి తిరిగివచ్చేవరకు ఫు పెకింగ్ విశ్వవిద్యాలయానికి తాత్కాలిక అధ్యక్షుడుగా ఉన్నాడు. జపాన్ ఆక్రమణలో ఉన్నప్పుడు బీజింగ్‌లో పనిచేసిన అధ్యాపకులను తిరిగి చేర్చుకోవడానికి నిరాకరించాడు. ఈ నిర్ణయాన్ని కొందరు మెచ్చుకోగా, కొందరు కఠినమైనదిగా విమర్శించారు.

1949 జనవరిలో జాతీయ తైవాన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడయ్యాడు. అప్పటికి అంతర్యుద్ధంలో జాతీయవాద ప్రభుత్వం ఓడిపోతున్నది. ఫు కమ్యూనిజానికి గట్టి వ్యతిరేకి. అయినా ఏప్రిల్ 6న సైనికులు, పోలీసులు తన విశ్వవిద్యాలయ విద్యార్థులను అరెస్టు చేసినప్పుడు అధికారులకు తీవ్రమైన నిరసన తెలిపాడు. అధ్యక్షుని అనుమతి లేకుండా ఆవరణలో ప్రవేశించి అరెస్టులు చేయరాదని పట్టుబట్టాడు. అధ్యాపకులలో కమ్యూనిస్టులు ఉన్నారన్న ఆరోపణలు వచ్చినప్పుడు, గూఢచారి పని విశ్వవిద్యాలయానిది కాదని పత్రికాముఖంగా సమాధానమిచ్చాడు. ముప్పై ఏళ్ళ క్రితం షిన్‌చావో సంపాదకుడుగా త్సాయ్ యువాన్‌పేవలన అతను పొందిన రక్షణ ఇటువంటిదే. అయితే 1949నాటి తైవాన్‌లో సైనిక పాలన ఉన్నందున, ఫు తన విద్యార్థులందరినీ కాపాడలేకపోయాడు.

మరణం, స్మారకాలు

రక్తపోటుతో చాలాకాలం బాధపడిన ఫు 1950 డిసెంబరు 20న తైవాన్ రాష్ట్ర సభలో విద్యా విషయాలపై ప్రశ్నలకు సమాధానాలు చెప్పిన వెంటనే మెదడులో రక్తస్రావం జరిగి కుప్పకూలాడు. ఆ రాత్రే మరణించాడు. అప్పటికి అతని వయసు 54 సంవత్సరాలు. విశ్వవిద్యాలయ ఆవరణలోనే సమాధి నిర్మించారు. ఆ తోటను ఫు ఉద్యానం అంటారు.

అక్కడి గంటను ఫు గంట అని పిలుస్తారు. అది మ్రోగినప్పుడు 21సార్లు మ్రోగుతుంది. రోజులో 21 గంటలే ఇతర పనులకు వాడుకోవాలని, మిగిలిన మూడు గంటలు ఆలోచనకు కేటాయించాలని ఫు చెప్పినదానికి అది గుర్తు.

ముఖ్య రచనలు

* షిన్‌చావో పత్రికా వ్యాసాలు (1919)
* ఈశాన్య చైనా చరిత్ర రూపురేఖలు (1932)
* తూర్పు, పడమర జాతుల మధ్య ప్రాచీన చైనా చరిత్రపై సిద్ధాంత వ్యాసం (1935)
* ప్రకృతి, విధి అనే పదాల ప్రాచీన అర్థాలపై పరిశోధన గ్రంథం (1940)